అడగొచ్చా మాస్టారు

మా బళ్ళో నాలుగో తరగతి మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఎవర్నీ అడక్కుండా ఏ పనీ చెయ్యడు. ఇందులో జబ్బేముంది, మర్యాదే కదా అంటారేమో. అలా అనేవాళ్ళు ఆయనతో ఒక్క పూట ఒకే గదిలో గడిపి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నేను గడిపాను. నేను రెండో తరగతి మాస్టార్ని. మా రెండు గదుల మధ్యా ఉన్నది గోడ కాదు, గోడలా నటిస్తున్న చెక్క. అవతల ఆయన తుమ్మితే ఇవతల మా పిల్లలు ముక్కులు తుడుచుకుంటారు. కాబట్టి పొద్దున్నే ఆయన మొదలుపెట్టే కార్యక్రమం నాకు కంఠతా వచ్చు. "కిటికీ తెరవొచ్చా?" అని ఒక పిల్లని అడుగుతాడు. "ఫ్యాను వెయ్యొచ్చా?" అని ఇంకో పిల్లవాణ్ణి. "బోర్డు మీద నిన్నటిది చెరిపెయ్యొచ్చా?" అని మూడోవాణ్ణి. ఆ మూడోవాడు "వద్దు సార్, నేనింకా రాసుకోలేదు" అన్నాడా, అయిపోయింది. డస్టరు చేత్తో పట్టుకుని, వాడు రాసుకునేదాకా అలా నిలబడిపోతాడు. వాడు రాయడంలో నత్తకి పెద్దన్న.

ఒకరోజు స్టాఫ్ రూంలోకి వెళ్తే ఒక్కడే నిలబడి ఉన్నాడు. చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలే.

"ఏంటి మాస్టారూ, నిలబడ్డారు?"

"కూర్చోవచ్చా అని అడుగుదామంటే ఎవరూ లేరు తమ్ముడూ."

ఇంట్లో కూడా ఇదే వరస. ఓసారి వాళ్ళింటికి వెళ్తే వాళ్ళావిడ టీ గ్లాసు నా చేతికిచ్చి తన కష్టం చెప్పుకుంది. "అన్నయ్యగారూ, పెళ్ళికి ముందు 'నేను మీకు నిజంగా నచ్చానా' అని అడిగారు. ఎంత మంచివారో అని మురిసిపోయాను. అది మంచితనం కాదు, రోగమని తర్వాత తెలిసింది. లైటు ఆర్పనా, దుప్పటి కప్పుకోనా, గడియ పెట్టనా! రేపు దొంగ ఇంట్లో పడితే 'లోపలికి రావచ్చా అని అడిగావా' అని వాడితో పేచీ పెట్టుకుంటారు."

పక్కగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "నేను మీ మాటల్లో కలగజేసుకోవచ్చా?"

"వద్దు," అంది ఆవిడ.

ఆయన కలగజేసుకోలేదు.

ఇలాంటి మనిషి ఉన్న బళ్ళోకి కృత్రిమ మేధ వచ్చి పడింది.

మా హెడ్మిస్ట్రెస్ గారు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చింది. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు భవిష్యత్తుని వెంటపెట్టుకొచ్చింది. మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "ఇకమీదట మన పని అంతా ఏఐ చేస్తుంది," అని ప్రకటించింది.

"అంతా అంటే? మధ్యాహ్నం పిల్లల చేత చేతులు కడిగిస్తుందా మేడం?" అంది ఐదో తరగతి టీచరు ఆశగా.

"అది తప్ప."

"మాకు చాతకానిది అదొక్కటే కదండీ," అని ఆవిడ నీరసంగా వెనక్కి వాలింది.

మా మాస్టారు చెయ్యెత్తాడు. "ఒకటి అడగొచ్చా మేడం? కొత్తగా వచ్చినవాళ్ళని అలా ఏయ్, ఏయ్ అనొచ్చా?"

"ఏయ్ కాదు మాస్టారూ. ఏఐ."

"చెవికి రెండూ ఒకలాగే ఉన్నాయి."

ఆ రోజు నుంచి అది మా బళ్ళో 'ఏఐ గారు' అయి కూర్చుంది. మేమంతా దాన్ని పనిమనిషిని కేకేసినట్టు 'పాఠం తయారుచెయ్యి, ప్రశ్నలు ఇయ్యి' అని టైపు చేస్తుంటే, ఆయన మాత్రం 'ఏఐ గారూ, నమస్కారం. ఖాళీగా ఉన్నారా? ఒకటి అడగొచ్చా?' అని మొదలుపెట్టేవాడు. అది 'తప్పకుండా అడగండి' అని జవాబిచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నాకు చూపించాడు.

"చూశావా తమ్ముడూ! ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకింత మర్యాదగా బదులిచ్చినవాళ్ళు ఈ బళ్ళో ఎవరైనా ఉన్నారా?"

లేరు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఇంతకీ ఆయన ఆ యంత్రాన్ని దూరం పెట్టాడనుకునేరు. లేదు, మాకంటే ఎక్కువే వాడాడు. కాకపోతే ఆయన వాడే తీరు వేరు. దానిచేత లెక్కలు తయారుచేయించి, కాగితం కింద 'ఈ లెక్కలు ఏఐ గారు తయారుచేశారు. నేను సరిచూశాను. అయినా తప్పు దొరికితే చెప్పగలరు' అని రాసి పిల్లలకి పంచేవాడు. ఇంకేం, నాలుగో తరగతి పిల్లలు లెక్కల కాగితం కోసం ఎగబడటం మొదలుపెట్టారు. లెక్కలు చెయ్యడానికి కాదు, ఏఐ గారి పరువు తియ్యడానికి. ఓసారి దొడ్లో ఆవుల కాళ్ళూ కోళ్ళ కాళ్ళూ కలిపి చెప్పమన్న లెక్కలో ఒక కాలు ఎక్కువొచ్చింది. ఆ కాలు ఎవరిదని నాలుగో తరగతిలో పీరియడంతా విచారణ జరిగింది. ఆ కాగితమే నేనూ ఆయన దగ్గర్నుంచి పట్టుకెళ్ళి, కింద రాసింది చదవకుండా మా క్లాసులో పంచాను. మా పిల్లలు బుద్ధిగా ఆ మిగిలిన కాలుకి కూడా బొమ్మ గీసి రంగేసి తెచ్చారు.

తర్వాత ప్రోగ్రెస్ కార్డులు రాసే రోజులొచ్చాయి. హెడ్మిస్ట్రెస్ గారు కొత్త పద్ధతి చెప్పింది. "ప్రతి పిల్లవాడి పేరు, ఫోటో, మార్కులు, అలవాట్లు, ఇంటి పరిస్థితులు అన్నీ అందులో పెట్టెయ్యండి. అభిప్రాయం అదే రాస్తుంది."

రాసింది కూడా. నా టీ చల్లారేలోపు రెండో తరగతి మొత్తం అయిపోయింది. మా క్లాసులో ఇంతమంది మహానుభావులు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. సుద్దముక్కలు నమిలి మింగేసే పిల్లవాడొకడు ఉన్నాడు. వాణ్ణి 'పరిసరాలను పంచేంద్రియాలతో అన్వేషించే జిజ్ఞాసువు' అని రాసింది. సాయంత్రానికి వాళ్ళమ్మ కార్డు పట్టుకుని కంగారుగా వచ్చింది.

"సార్, మావాడికి జిజ్ఞాసువు అని రాశారు. మందులేమైనా వాడాలా?"

మా మాస్టారి కార్డులు మాత్రం రాలేదు. వాటికి బదులు మీటింగులో ఆయన చెయ్యి లేచింది. "ఒకటి అడగొచ్చా మేడం?"

"వద్దంటే మానేస్తారా?"

"మానేస్తానండి."

ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది. "అడగండి."

"వాళ్ళ ఇంటి సంగతులు ఏఐ గారికి చెప్పొచ్చా అని పిల్లల్ని అడిగారా?"

"పాలపళ్ళు ఊడని పిల్లల్ని అడిగేదేంటి మాస్టారూ!"

"పోనీ వాళ్ళ పెద్దల్ని?"

"అది మనిషి కాదు, మిషను. అది ఎవరికి చెప్తుందండీ?"

"అదే తెలియక అడుగుతున్నా. ఎవరికి చెప్తుందో మీకు తెలుసా?"

హెడ్మిస్ట్రెస్ గారు మావైపు చూసింది. మేం ఫ్యాను వైపు చూశాం. ఫ్యాను ఎవరివైపూ చూడకుండా తిరిగింది.

ఇక ఆయనే బయల్దేరాడు అడగడానికి. చెక్క ఇవతల కూర్చుని నేనంతా విన్నాను. ఒకడు, "నేను బాగా పరిగెడతానని చెప్పండి సార్. పక్క తడుపుతానని మాత్రం చెప్పకండి," అన్నాడు. ఒక పిల్ల, "నా పేరు మార్చి చెప్పండి, నాకు నా పేరు నచ్చలేదు," అంది. ఇంకొకడు చాలాసేపు నసిగి, "మా నాన్నకి పని పోయిందని ఎవరికీ చెప్పొద్దన్నాడు నాన్న," అన్నాడు. చెప్పొద్దన్న సంగతి క్లాసంతటికీ చెప్పేశానని తట్టి వాడు నాలిక్కరుచుకుంటే, ఆయన వెంటనే, "ఏమన్నావురా? నాకు ఫ్యాను చప్పుడులో వినపడలేదు," అన్నాడు. ఆ వేళ కరెంటు లేదు. సాయంత్రం గేటు దగ్గర ఒక ముసలావిడని అడిగితే, "చెప్పుకో నాయనా! మా మనవడి అల్లరి ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు," అంది.

ఇలా కొందరు సరే అన్నారు, కొందరు కాదన్నారు. ఆఖరికి ఆయన పిల్లల పేర్లూ ఇళ్ళ గొడవలూ ఏఐ గారికి చెప్పకుండా, కార్డులన్నీ సొంత చేత్తోనే రాశాడు. ప్రతి పిల్లవాడి గురించీ రెండు ముక్కలే. 'పక్కవాడికి రబ్బరు ఇస్తాడు, తిరిగి అడగడు. హెచ్చవేతల్లో తొందర తగ్గాలి.' అలాంటివి. అందరికంటే ఆలస్యంగా ఇచ్చాడు. హెడ్మిస్ట్రెస్ గారు ఒక్కో కార్డూ తిప్పి చూసి, ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఇంటి పరిస్థితుల గడి ఖాళీగా వదిలేశారేం?"

"ఆ పిల్ల వద్దందండి."

"ఆ పిల్లా? ఆ పిల్ల మాట్లాడితే కదా అనడానికి!"

"తల అడ్డంగా ఊపింది."

ఆ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. సంవత్సరం మధ్యలో వచ్చి చేరింది. వాళ్ళ పిన్ని దగ్గర ఉంటుంది. అమ్మానాన్నలు ఎక్కడున్నారో, ఎందుకు లేరో మాకెవరికీ తెలియదు. మా మాస్టారికి తెలుసు, అడిగితే "తనని అడిగి చెప్తాను" అనేవాడు, చెప్పేవాడు కాదు. చివరి బెంచీ మీద, కిటికీ పక్క గోడకి ఆనుకుని కూర్చుంటుంది. చేరిన దగ్గర్నుంచి బళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో తరగతి టీచరు చాక్లెట్ చూపించి మాట్లాడించబోయింది. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళెర్రజేసి చూసింది. నేను కాకిలా అరిచి నవ్వించబోయాను. మా ముగ్గురికీ ఒకటే జవాబు, మౌనం. పిల్లలు ఏదో వెటకారపు పేరు పెట్టబోతే మాస్టారు, "పేరు పెట్టేముందు తనని అడిగారా?" అన్నాడు. వాళ్ళు అడిగారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. అంతటితో ఆ పేరు పోయింది.

అలా ఉండగా బళ్ళ మధ్య వ్యాసాల పోటీ పెట్టారు. 'నాకు ఇష్టమైన వస్తువు' అన్న విషయం మీద పిల్లలు ఇంటి దగ్గర రాసి తేవాలి. ఎవరైనా యంత్రం చేత రాయించుకొస్తారేమోనని హెడ్మిస్ట్రెస్ గారికి అనుమానం. అది తేల్చడానికి ఎవర్ని నియమించింది? ఆ యంత్రాన్నే. పరీక్ష రాసినవాడి చేతికే పేపర్లు దిద్దమని ఇచ్చినట్టు.

సైకిలు, బొమ్మ, టీవీ, మళ్ళీ సైకిలు. అందరి మధ్యా ఒకే ఒక్క వ్యాసం దగ్గర యంత్రం ఎర్ర గుర్తు పెట్టి, ఇది మనుషులు రాసింది కాదు అంది. అది చివరి బెంచీ పిల్లది. హెడ్మిస్ట్రెస్ గారు ఆ కాగితం తెచ్చి స్టాఫ్ రూంలో అందరికీ చదివి వినిపించింది.

'నాకు మా తలుపు ఇష్టం. మా తలుపుకి మోకాళ్ళ నొప్పులు. కొంచెం ఎత్తి పట్టుకుంటేగాని నడవదు. వానలొస్తే ఉబ్బుతుంది. అప్పుడు పిన్ని దాన్ని తిడుతుంది. నేను తిట్టను. ఎవరొచ్చినా అందరికంటే ముందు అదే అరుస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు ఎలా అరుస్తుందో వినాలి.'

"నోరు విప్పని పిల్ల ఇలా రాసిందంటే నేను నమ్మాలా? రేపు పొద్దున అసెంబ్లీలో నిలబెట్టి అడుగుతాను. ఒక్కళ్ళని నిలబెడితే మిగతావాళ్ళకి బుద్ధొస్తుంది," అంది ఆవిడ.

"ఆ పిల్లని అడిగారా?"

మా మాస్టారు. 'ఒకటి అడగొచ్చా' అనకుండా అడిగేశాడు. ఐదో తరగతి టీచరు టీలో చెంచా తిప్పడం ఆపేసింది.

"అడిగితే పలకదుగా మాస్టారూ!"

"పలకనివాళ్ళనే కదండీ ముందు అడగాలి." అంతలోనే తన ధోరణి గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గించాడు. "పోనీ, ఇంకొకటి అడగొచ్చా? మన వార్షికోత్సవంలో మీరు చదివే ప్రసంగం ఉంది కదా, మీరే సొంతంగా రాసింది. దాన్ని ఒక్కసారి ఏఐ గారికి చూపించొచ్చా?"

ఆ ప్రసంగమంటే ఆవిడకి ప్రాణం. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏటా అదే చదువుతోంది, ఏటా అదే చోట ఆగి చప్పట్ల కోసం చూస్తుంది. "ఓ, చూపించండి. అదైనా నేర్చుకుంటుంది," అంది ఉత్సాహంగా.

చూపించారు. ఎర్ర గుర్తు పడింది. ఇది మనుషులు రాసింది కాదు.

నిజానికి మాకు ఆ అనుమానం ఎప్పటినుంచో ఉంది.

"ఇది... ఇది నేను రాత్రుళ్ళు కూర్చుని రాసుకున్న ప్రసంగం!" ఆవిడ కుర్చీలోంచి లేచింది. "నన్నడిగితే చెప్పేదాన్ని కదా!"

అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. ఠక్కున ఆగిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు. ఆ చోట నేనైతే నాలుగు రోజులు అనేవాణ్ణి.

మరుసటి రోజు ఆవిడ అసెంబ్లీలో ఎవర్నీ నిలబెట్టలేదు. మధ్యాహ్నం మాస్టారే ఆ పిల్ల బెంచీ దగ్గరికి వెళ్ళాడు. "నీ వ్యాసం గురించి ఒకటి అడగొచ్చా అమ్మా?"

ఆ పిల్ల తలూపింది.

"ఇక్కడ అందరి ముందా, బయట వరండాలోనా?"

వేలు వరండా వైపు చూపించింది. వరండా పక్క కిటికీ నాదే. నేను వినకూడదనే అనుకున్నాను, చెవులు ఒప్పుకోలేదు.

ఆయన 'నువ్వే రాశావా' అని అడగనే లేదు. నేల మీద గొంతుక్కూర్చుని, "మీ తలుపు అరుస్తుందని రాశావు కదా. ఎలా అరుస్తుంది?" అన్నాడు.

తర్వాత సన్నగా మొదలై, మధ్యలో రెండుచోట్ల మెలికలు తిరిగి, ఆఖర్న 'ఠప్' మని ఆగే ఒక చప్పుడు వినిపించింది. నిజంగానే ఎవరో పాత తలుపు తెరిచారేమోనని మా పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

"ఓహో. ఇది పిన్ని వచ్చినప్పుడా, వానాకాలంలోనా?"

వానాకాలం చప్పుడు ఇంకోలా ఉంది. అది బరువుగా, జలుబు చేసినట్టు ఉంది. ఆయన మూడోది అడగలేదు. మూడోది ఏదో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి బస్టాపు దాకా నడిచాం. దారిలో ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పిల్ల సంగతి సరే మాస్టారూ. కిటికీ తెరవడానికీ, ఫ్యాను వెయ్యడానికీ కూడా పిల్లల్ని అడగడమేంటి? మీకు విసుగు రాదా?"

ఆయన సిగ్గుపడ్డాడు. దొరికిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు.

"ఎక్కం చెప్పమంటే తప్పుతామని భయం తమ్ముడూ పిల్లలకి. కొందరికి పేరు చెప్పమన్నా భయమే, ఆ వెనకే ఇల్లెక్కడ, నాన్నేం చేస్తాడు అని మొదలవుతుంది కదా. కిటికీ తెరవనా అంటే ఏం భయం? సరే అన్నా రైటే, వద్దన్నా రైటే. రోజుకి ఒక్కటైనా, తప్పు పోవడానికి వీల్లేని ప్రశ్న అడగాలి కదా వాళ్ళని."

"అంటే రోజూ ఆ పిల్లని కూడా..."

"కిటికీ తన పక్కనే కదా. మొదట్లో నావైపు చూసేది కూడా కాదు. తర్వాత తలూపింది. వాన పడుతున్న ఒకరోజు అడ్డంగా ఊపింది. ఆరోజు నేను ఇంటికెళ్తూ మీ వదినకి స్వీటు కొన్నాను. ఎందుకు కొన్నారంటే చెప్పలేదనుకో. చెప్పమంటావా అని అడిగితే వద్దంది, ముందు తిననివ్వమంది."

ఇన్నేళ్ళూ చెక్క ఇవతల కూర్చుని నవ్వుకున్నాను కదా అనిపించింది. అయినా కాళ్ళ లెక్క గురించి మాత్రం ఇప్పటికీ నవ్వుకుంటాను, అది వేరు.

వారం తిరక్కుండా హెడ్మిస్ట్రెస్ గారు ఆ పిల్లని తన గదికి పిలిపించింది. మాస్టారు వెంట వచ్చాడు, ఆయన వెంట నేనూ వెళ్ళాను, నన్నెవరూ పిలవలేదు. ఆ వ్యాసమే పోటీకి పంపుతుందట. ఇంటర్నెట్‌లో బడి పేజీలో పిల్ల ఫోటోతో సహా పెట్టి ఊరందరికీ చూపిస్తుందట. ఆవిడ అప్పటికే ఫోను ఎత్తి పట్టుకుంది. తెర మీద పిల్ల నిండుగా పడింది. నొక్కబోతూ ఆగి, మాస్టారి వంక ఓసారి చూసి, తన ఆస్తి రాసిచ్చేస్తున్నంత కష్టంగా అడిగింది.

"ఏమ్మా, ఫోటో తియ్యొచ్చా?"

"వద్దు."

గట్టిగా, స్పష్టంగా, బయట గంట కొట్టే అతను తొంగి చూసేంత గట్టిగా అంది. బళ్ళో ఆ పిల్ల అన్న మొదటి మాట అదే. అదీ ఎవరితో? ఆవిడకి వద్దని చెప్పే ధైర్యం మా స్టాఫ్ రూంలో ఇప్పటికీ ఎవరికీ లేదు. మా మాస్టారి మొహం చూడాలి, రాష్ట్రానికి మొదటి ర్యాంకు తనకే వచ్చినట్టుంది.

హెడ్మిస్ట్రెస్ గారు ఫోను మెల్లగా దించింది. "పోనీ పేజీలో పెట్టను. పోటీకి పంపొచ్చా?"

పిల్ల ఆలోచించి తలూపింది.

"మరి... అసెంబ్లీలో నేను చదివి వినిపించొచ్చా?"

ఇంకాస్త ఆలోచించింది. "పిన్ని తిడుతుందన్న ముక్క చదవకండి. ఆవిడ వింటే బాధపడుతుంది."

"చదవను."

"ఒట్టా?"

ఉద్యోగంలో చేరాక హెడ్మిస్ట్రెస్ గారు మొదటిసారి ఒట్టు పెట్టింది. అయినా ఆ పిల్లకి నమ్మకం కుదిరినట్టు లేదు. ఆవిడ చేతిలో కాగితం తీసుకుని, "నేనే చదువుతాను," అంది.

చదివింది. మర్నాడు అసెంబ్లీలో ఆ గొంతు ఎంత సన్నగా ఉందంటే, వినపడాలంటే బడి మొత్తం ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. అలాంటి నిశ్శబ్దం మా బళ్ళో సెలవు రోజుల్లో కూడా ఉండదు. తిట్ల ముక్క వదిలేసింది. అమ్మ గురించిన ఆఖరి వాక్యం కూడా వదిలేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మోకాళ్ళ నొప్పుల దగ్గర అందరూ పగలబడి నవ్వారు. అది చూసి మధ్యలో తలుపు చప్పుడు కూడా చేసి వినిపించింది, అడక్కుండానే. గేటు దగ్గర నిలబడి వింటున్న వాళ్ళ పిన్ని, తన తిట్లు వ్యాసంలోకి ఎక్కిన సంగతి తెలియక, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.